లేయమ్మకు ఒక పాపం కావాలి

మా సంఘంలో పేదలు లేరు. ఉన్నవాళ్ళంతా మావాళ్ళే.

ఈ సంగతి మాకు మొన్న వేసవి దాకా తెలియదు. గుడి వెనక ఇసకపేటలో యాభై ఏడుగురు పెద్దవాళ్ళున్నారని తెలుసు. వాన పడితే వాళ్ళ ఇళ్ళు కారతాయని తెలుసు. నాట్లూ కోతలూ ఉన్న రోజుల్లో తప్ప వాళ్ళకి పని దొరకదని కూడా తెలుసు. అందుచేత వాళ్ళు పేదలని పొరపాటు పడుతూ వచ్చాం. ఆ పొరపాటు కొద్దీ క్రిస్మస్‌కి దుప్పట్లూ, జబ్బు చేస్తే మందులూ, ఎవరిదైనా ఇల్లు కూలితే నాలుగు వాసాలూ ఇస్తూ ఉండేవాళ్ళం. చివరికి కేంద్ర కార్యాలయం వారు సర్క్యులర్ పంపించి మా కళ్ళు తెరిపించారు.

నేను ఈ సంఘానికి కార్యదర్శిని. ముప్పై నాలుగేళ్ళు బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. చేతిరాత బాగుంటుందని మినిట్స్ రాసే పని నాకు అప్పజెప్పారు. పన్నెండేళ్ళుగా కమిటీలో ఎవరు ఏం కూసినా దాన్ని మర్యాదైన భాషలోకి మార్చి పుస్తకంలో ఎక్కిస్తున్నాను. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ పుస్తకంలో నా చేతిరాతతోనే ఉంది. అనుమానం ఉన్నవాళ్ళు వచ్చి చూసుకోవచ్చు.

సర్క్యులర్ సారాంశం ఇది. ఈ ఏడాది న్యాయ సంవత్సరం. ప్రతి సంఘమూ కనీసం యాభైమంది పేదలకు సామాజిక న్యాయం చేకూర్చాలి. జూలై మూడో ఆదివారం న్యాయ ఆదివారం. ఆ రోజు అధ్యక్ష అయ్యగారు స్వయంగా వచ్చి, లక్ష్యం సాధించిన సంఘానికి ‘ఆదర్శ న్యాయ సంఘం’ అన్న షీల్డు బహూకరిస్తారు. ఇంతవరకూ బాగానే ఉంది. నాలుగో నిబంధన మాత్రం ఇలా ఉంది: ‘సంఘ సభ్యులకు చేయు సహాయము కుటుంబ వ్యవహారమే గాని సేవ అనిపించుకొనదు. కావున లబ్ధిదారులు సభ్యత్వపు పట్టీలో పేరు లేనివారై యుండవలెను.’

చదివి వినిపించింది మా సామాజిక న్యాయ ఉపసంఘం అధ్యక్షులు ఫిలేమోను గారు. ఆయన రిటైర్డ్ సబ్ రిజిస్ట్రారు. ఇంట్లో పెరుగన్నం తిన్నా ‘ఇందుమూలముగా’ అనకుండా కంచం ముందు నుంచి లేవరు.

“అంటే మన పేదవాళ్ళు పేదవాళ్ళు కారన్నమాట,” అన్నారు పాస్టరు యెషయారత్నం గారు.

“సాంకేతికంగా కారండి.”

పాస్టరుగారు మంచివారు. మంచితనం కొద్దీ ఎవరితోనూ పేచీ పెట్టుకోరు. బదిలీలు కేంద్ర కార్యాలయం చేతిలో ఉంటాయి గనక దానితో అసలే పెట్టుకోరు. “బయట పేదలకేం కరువండీ, వెదకండి,” అన్నారు.

వెదికాం. కరువే.

మా ఊళ్ళో అయిదు సంఘాలున్నాయి. అందరికీ సేవ జ్వరం పట్టుకుని నాలుగేళ్ళయింది. కుష్ఠు రోగుల కాలనీని కాలువ అవతలి సంఘం వాళ్ళు దత్తత తీసుకుని గేటుకి బోర్డు కూడా కట్టేశారు. ధర్మాసుపత్రి వార్డుల్ని మార్కెట్ వీధి సంఘం, కొత్తపేట సంఘం చెరి సగం పంచుకున్నాయి. మిగిలింది రైల్వే స్టేషను. నేనూ ఫిలేమోను గారూ ఒక పొద్దున్నే వెళ్ళి, వంతెన మెట్ల కింద కూర్చున్న ఒక ముసలాయన్ని పట్టుకున్నాం.

“ఏం పెద్దాయనా, నీకు న్యాయం కావాలా?” అన్నారు ఫిలేమోను గారు.

“ఏం న్యాయమండీ?”

“దుప్పటి.”

“దుప్పట్లు నాలుగుండయ్యండి. ఈ ఎండల్లో వాటిని మొయ్యలేక చస్తన్నా. అయినా నన్ను కాలవ అవతలోళ్ళు రాసుకున్నారు. బుధారం మార్కెట్ ఈధోళ్ళొస్తారు. మీకు అంతగా కావాలంటే శనారం రండి, ఆ రోజు ఖాళీ.”

“మాకు పూర్తికాలపు పేదవాడు కావాలి,” అన్నారు ఫిలేమోను గారు కొంచెం కోపంగా.

“అట్టాంటోళ్ళు ఇప్పుడు యాడ దొరుకుతారండీ? నాలుగేళ్ళ కిందట రావాల్సింది,” అని ముసలాయన మా మీద జాలిపడ్డాడు.

వారం తిరిగేసరికి ఇద్దరు దొరికారు. ఆ ఇద్దరూ అన్నదమ్ములు. మేం రాసిచ్చిన లబ్ధిదారు చీటీలు జేబులో పెట్టుకుని మర్నాడే విజయవాడ బండెక్కేశారు.

సరిగ్గా ఆ వారంలోనే లేయమ్మ సంఘ కార్యాలయానికి వచ్చింది.

లేయమ్మకి డెబ్భై దాటాయి. పేటలో చివరి ఇల్లు, కాలువ గట్టు మీద, ఆవిడది. మొగుడు పోయి ముప్పై ఏళ్ళు. పిల్లలు లేరు. నెలనెలా మొదటి ఆదివారం మాకు బల్లారాధన; వాడుకలో ‘బల్ల’ అంటాం. ఆ రోజు పాస్టరుగారు విరిచే పులియని రొట్టె నలభై ఏళ్ళుగా ఆవిడ కాల్చిందే. శనివారం సాయంత్రం తలంటు పోసుకుని, పిండి తడిపి, పెనం మీద రొట్టె కాల్చి, తెల్లగుడ్డలో చుట్టి పట్టుకొస్తుంది. మర్నాడు ఆదివారం ఆడవాళ్ళ వైపు రెండో చాప మీద కూర్చుని, అందరిలాగే ఒక ముక్క తీసుకుని కళ్ళు మూసుకుంటుంది. నాకు తెలిసి ఆవిడకి అంతకు మించిన పండగ లేదు.

“మాస్టారూ,” అంది నాతో, “రోహిణి పోయింది. వానలొస్తన్నయ్యి. పైన తాటాకు కుళ్ళిపోయింది. పోయినేడు మంచం నడింట్లో ఏసుకున్నా తడిసింది, మూలకి జరిపినా తడిసింది. అయ్యగారోళ్ళతో చెప్పి నాలుగు రేకులిప్పించు నాయనా.”

పక్కనే ఉన్న ఫిలేమోను గారు అందుకున్నారు. “లేయమ్మగారూ, మీరు పట్టీలో ఉన్న సభ్యురాలు. మీకు రేకులిస్తే అది కుటుంబ వ్యవహారమవుతుంది.”

“కుటుంబమే గదయ్యా. అందుకేగా అడగటం.”

“కుటుంబ వ్యవహారాలకి ఈ ఏడాది కేటాయింపు లేదమ్మా. మొత్తం న్యాయానికి మళ్ళించాం.”

లేయమ్మకి అర్థం కాలేదు. నాకూ కాలేదు గానీ తల ఊపాను. ఆవిడ వెళ్ళిపోయాక ఫిలేమోను గారు టీ గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళి అక్కడే ఆపేశారు. ఆయన ముఖంలో అంత వెలుగు నేను ఉజ్జీవ ప్రార్థన కూడికల్లో కూడా చూడలేదు.

“మాస్టారూ! ఆవిడ సభ్యురాలు కాకపోతే?”

ఆ సాయంత్రమే కమిటీ కూడింది. మొత్తం ఏడుగురం. ఫిలేమోను గారి ప్రతిపాదనని ఎవరూ కాదనలేదు. నేను ఇలా రాశాను: ‘ఇసకపేట వాస్తవ్యులైన యాభై ఏడుగురు సభ్యులను, వారి శ్రేయస్సు దృష్ట్యా, తాత్కాలికముగా బయటివారిని చేయుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.’ న్యాయ ఆదివారం అయిపోగానే మళ్ళీ లోపలికి తీసుకోవాలని కూడా అనుకున్నాం. అది అనుకున్నాం గానీ రాయలేదు.

చిక్కల్లా పట్టీతో వచ్చింది. అది దొరల కాలం నాటి పెద్ద పుస్తకం. ఎవరి పేరైనా కొట్టెయ్యాలంటే ‘తొలగింపునకు కారణము’ అన్న గడి నింపాలి. ఆ గడిలో మూడే కారణాలు అచ్చు వేసి ఉన్నాయి: మరణము, బదిలీ, పాపము. పేదరికం కూడా ఒక కారణమవుతుందని దొరలకి తోచలేదు పాపం.

మరణం వద్దన్నారు పాస్టరుగారు. చచ్చిపోయినవాళ్ళు అధ్యక్ష అయ్యగారి చేతుల మీదుగా బియ్యం పుచ్చుకుంటే చూడటానికి బాగుండదట. బదిలీ చేస్తే కాలువ అవతలి సంఘం వాళ్ళు చటుక్కున ఎగరేసుకుపోతారు. వాళ్ళసలే పేదల కోసం నోళ్ళు తెరుచుకుని ఉన్నారు.

ఫిలేమోను గారు కళ్ళజోడు తుడుచుకుని, “పాపమే అనుకూలంగా ఉంది,” అన్నారు.

శనివారం మధ్యాహ్నం సండేస్కూలు గదిలో బల్ల వేసుకుని కూర్చున్నాం. పేటవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తమ పాపం చెప్పి సంతకం పెట్టాలి. కింద మేం ఏడుగురం ‘ఈ పాపమునకు మేము సాక్షులము’ అని సంతకాలు చెయ్యాలి. మొదట్లో అందరూ నవ్వుకుంటూనే వచ్చారు. ఆదివారం బట్టలుతకడం, ప్రసంగంలో కునుకు తియ్యడం, తోడికోడలి మీద నోరు చేసుకోవడం లాంటివి అరగంటలో అయిపోయాయి.

అయిపోవడమేమిటని అనుకుంటారేమో. “ఒకే పాపం అయిదుగురికి మించి మంజూరు చెయ్యరాదు. అందరూ బట్టలే ఉతికారంటే పైవారికి అనుమానం వస్తుంది. వైవిధ్యం అవసరం,” అని ఫిలేమోను గారు ముందే రూలింగిచ్చారు.

డోలక్ వాయించే యేసోబు కూలికి పోయి ఆలస్యంగా వచ్చాడు. అప్పటికి తేలిక పాపాలేవీ మిగల్లేదు.

“నీకు తాగుడు వచ్చింది,” అన్నారు ఫిలేమోను గారు జాబితా చూసి.

“నేను చుక్క ముట్టనండయ్యా! మా నాయన తాగితాగి సచ్చాడని చిన్నప్పుడే ఒట్టేసుకున్నా. పేటంతా ఎరుగుదురు.”

“మరీ మంచిది. అలవాటు లేనివాడికి మానుకోవడం సులువు.”

యేసోబు నా వైపు చూశాడు. నేను కలం వైపు చూసుకున్నాను. వాడికి ఇద్దరు ఆడపిల్లలు, ఇంటి వెనక గోడ కూలి ఉంది. సంతకం పెట్టాడు.

సాయంత్రం నాలుగయ్యేసరికి జాబితాలో రెండు వ్యభిచారాలు మిగిలాయి. వాటిని డెబ్భై దాటినవాళ్ళకి కేటాయిస్తే ఎవరి కాపురానికీ ఇబ్బంది ఉండదని ప్రిస్కిల్లా మేడం సూచించారు. ఆవిడ స్త్రీల సమాజం అధ్యక్షురాలు, ఇలాంటి సున్నితమైన విషయాల్లో అందెవేసిన చెయ్యి. ఒకటి చెవిటి సమూయేలు తాతకి వెళ్ళింది. ఆయనకి ఏం వినపడిందో ఏమో, “అట్టాగే నాయనా, దేవుడు మిమ్మల్ని సల్లగా చూడాలి,” అని వేలిముద్ర వేశాడు. రెండోది లేయమ్మకి మిగిలింది. ఆవిడే చివరి మనిషి.

పాస్టరుగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. విషయం ఫిలేమోను గారే చెప్పారు. లేయమ్మ ముందు నవ్వింది. మా ముఖాలు చూసి నవ్వు ఆపేసింది.

“మా ఆయన పోయి ముప్పై ఏళ్ళు. ఈ ముప్పై ఏళ్ళూ ఒక్కదాన్నే ఆ గట్టు మీద ఎట్టా బతికానో మీకు తెలవదా? రేకుల కోసం ఆయన పేరు బజార్న పెట్టమంటారా?”

“అమ్మా, ఇది పత్రం వరకే,” అన్నారు ప్రిస్కిల్లా మేడం.

“పత్రం మీద పెట్టేది నా పేరే గదమ్మా.” అని, లేయమ్మ పాస్టరుగారి వైపు తిరిగి మెల్లిగా అడిగింది. “నాకు తెలవక అడుగుతా అయ్యగారూ. చెయ్యని పాపం చేశానని రాసిస్తే అది అబద్ధం గాదా? అబద్ధమాడటం పాపం గాదా?”

నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఇంకెవరైనా అయితే అక్కడితో పుస్తకం మూసేసేవాళ్ళు. ఫిలేమోను గారు మాత్రం బల్ల మీద చరిచారు.

“అబద్ధం! అసలది మన జాబితాలోనే లేదు! మాస్టారూ, వ్యభిచారం కొట్టేసి అబద్ధం రాయండి.”

“నేనేం అబద్ధమాడానయ్యా?”

“ఇంకా ఆడలేదమ్మా. ‘నేను అబద్ధమాడితిని’ అని ఇప్పుడు సంతకం పెడతారు కదా. ఆడకుండానే ఆడానన్నారు గనక అది అబద్ధం. అబద్ధమాడారు గనక పత్రంలో ఉన్నది నిజం. మా వృత్తిలో ఇంత బిగువైన దస్తావేజు నేను చూడలేదు.”

బయట మబ్బు కమ్ముకుంది. కాలువ మీది గాలి కిటికీ రెక్కల్ని కొట్టింది. లేయమ్మ ఒకసారి ఆకాశం వైపు చూసింది.

“మళ్ళీ నాకు బల్ల ఎప్పుడిస్తారు?”

“న్యాయ ఆదివారం కాగానే,” అన్నారు పాస్టరుగారు, అప్పటికి నోరు విప్పి. “నాదీ పూచీ.”

“నలభై ఏళ్ళలో ఒక్క నెల తప్పానయ్యా, ఆయన పోయిన నెల,” అని లేయమ్మ కలం తీసుకుంది. మిషను రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు. ఒక్కొక్కటే పేర్చి సంతకం పెట్టింది. కింద సాక్షులుగా మేం ఏడుగురం పెట్టాం. కార్యదర్శిని గనక మొదటి సంతకం నాది. నా చేతిరాత ఆ రోజు కూడా ముత్యాల్లాగే ఉంది.

నియమావళి ప్రకారం పాపుల జాబితాని గుడి నోటీసు బోర్డు మీద అంటించాం. ఆ తర్వాత సేవ ముమ్మరంగా సాగింది. అందరికీ దుప్పటి, బియ్యం. ఇళ్ళు మరీ పాడైనవాళ్ళకి రేకులు. లేయమ్మ ఇంటి మీద రేకులు వేసి, వాటి మీద ఎర్ర రంగుతో మా సంఘం పేరు రాయించాం. కాలువ వంతెన మీద బస్సులో పోయేవాళ్ళకి కూడా కనపడుతుంది. వాన వచ్చింది, ఇల్లు కారలేదు. అది మాత్రం నిజం, కాదనకూడదు.

న్యాయ ఆదివారం వచ్చింది. అధ్యక్ష అయ్యగారు వచ్చారు. గుళ్ళో ముప్పై ఒక్క మందిమి ఉన్నాం.

అంతకుముందు ఆదివారాలు పేటవాళ్ళు మామూలుగానే వస్తూ ఉండటంతో, అప్పుడు గానీ తెలియలేదు మాకు. పాటలు పాడేవాళ్ళు, డోలక్ వాయించేవాడు, చాపలు పరిచేవాళ్ళు, ఆమెన్ అని గట్టిగా అనేవాళ్ళు అందరూ పేటవాళ్ళేనట. ప్రిస్కిల్లా మేడం హార్మోనియం ముందేసుకుని ఒక్కరే కీర్తన ఎత్తుకున్నారు. రెండో చరణానికి దగ్గొచ్చి ఆపేశారు. సభ్యత్వం లేని మనిషి రొట్టె ముట్టుకోకూడదు గనక బేకరీ నుంచి బన్నులు తెప్పించాం. వాటి మీద టూటీ ఫ్రూటీ ఉంది. దాన్ని ఏరించే సరికి ఆరాధన పావుగంట ఆలస్యమైంది.

పేటవాళ్ళంతా బయట షామియానా కింద ఉన్నారు. ప్రతివాళ్ళ గుండెల మీదా ‘లబ్ధిదారు’ అన్న పసుపుపచ్చ బ్యాడ్జీ. అధ్యక్ష అయ్యగారు ముందుగా వాళ్ళ మధ్య తిరిగారు. లేయమ్మ దగ్గర ఆగి, వంగి, చాలా ప్రేమగా అడిగారు. “ఏమ్మా, నీకు దేవుడంటే ఎవరో తెలుసా?”

లేయమ్మ పాస్టరుగారి వైపు చూసింది. పాస్టరుగారు చెప్పుల వైపు చూసుకున్నారు.

“కొంచెం ముఖపరిచయం ఉందయ్యా,” అంది.

అధ్యక్ష అయ్యగారు చలించిపోయారు. “ఈ అమాయకురాలి మీద మన సువార్త విభాగం శ్రద్ధ పెట్టవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది,” అని పక్కనున్నాయన చేత రాయించారు. తర్వాత లోపల షీల్డు ఇచ్చి, న్యాయం నదిలా ఎలా ప్రవహించాలో ముప్పావుగంట వివరించారు. ఆయన కోసం ఆ నెల బల్లారాధన కూడా ఆ రోజుకే మార్చుకున్నాం.

రొట్టె విరిచే ముందు మా గుళ్ళో గంట కొడతారు. గంట వినపడగానే షామియానా కింద లేయమ్మ అలవాటుకొద్దీ లేచింది. కొంగు తల మీదికి లాక్కుని, చెప్పులు విడిచి, గుమ్మం దాకా వచ్చింది. గుమ్మంలో వాలంటీరు చెయ్యి అడ్డం పెట్టాడు. “లబ్ధిదారులు లోపలికి రాకూడదు మామ్మా.” ఆవిడ అక్కడే ఒక నిమిషం నిలబడి, లోపలికి చూసి, వెనక్కి వెళ్ళి కూర్చుంది. నేను ముందు వరసలోంచి తల తిప్పి అంతా చూశాను. చేతిలో ఉన్న బన్ను ముక్క నోట్లో పెట్టుకున్నాను. మింగాను కూడా.

షీల్డు తగిలించిన వారానికి పేటవాళ్ళు మమ్మల్ని లోపలికి తీసుకోండని వచ్చారు. ఫిలేమోను గారికి ఇది నచ్చలేదు. సభ్యులైతే ఇచ్చిన దుప్పట్లూ రేకులూ కుటుంబ వ్యవహారం కిందికి పోతాయి, షీల్డు వెనక్కి అడుగుతారేమోనని ఆయన భయం. ఆయన నియమావళి తిరగేసి తొమ్మిదో నిబంధన బయటికి తీశారు. పాపం కారణంగా తొలగించబడినవారు ఆదివారం నాడు సంఘం ఎదుట లేచి, తమ పాపం నోటితో ఒప్పుకుని, పశ్చాత్తాపం చూపించాలి. అది సంపూర్ణమని కమిటీ తృప్తిపడితేనే ప్రవేశం.

ఆ మాట విని యేసోబు పకపకా నవ్వాడు. నోటీసు బోర్డు మీద వాడి పేరు పక్కన ‘తాగుడు’ చూసి వాడి మామ వచ్చి, కూతుర్నీ పిల్లల్నీ తీసుకుపోయి అప్పటికి నెలయింది. “ఒప్పుకుంటే నా పెళ్ళాం రాదు. ఒప్పుకోకపోతే మీరు రానియ్యరు. మీ దగ్గర న్యాయం మహ గట్టిగా ఉందయ్యా,” అని చక్కా పోయాడు. చాలామంది వాడి వెనకే పోయారు.

లేయమ్మ పోలేదు. “నేనొప్పుకుంటా. నాకు బల్ల కావాలి,” అంది.

ఆ ఆదివారం ఆవిడ ఉతికిన తెల్లచీర కట్టుకుని వచ్చింది. ఆవిడ కోసం పేటవాళ్ళు కిటికీల దగ్గర మూగారు. పాస్టరుగారు ముఖం ఎటో పెట్టి, “చెప్పండమ్మా, మీరు అబద్ధమాడారా?” అని అడిగారు.

“ఆడానయ్యా,” అంది లేయమ్మ. “అబద్ధమాడానని సంతకం పెట్టాను గదా, అదే నా అబద్ధం. డెబ్భై ఏళ్ళలో అంత పెద్దది ఇంకోటి ఆడలా. రేకుల కోసం ఆడాను. వానకి భయపడి ఆడాను. తప్పే. దేవుడు నన్ను క్షమించాలి.”

పాస్టరుగారు ఊపిరి పీల్చుకుని దీవెనకి చెయ్యెత్తారు.

“ఉండండయ్యా, ఇంకా అవలా,” అంది లేయమ్మ. “ఆ కాగితం మీద నా సంతకం కింద ఇంకా ఏడు సంతకాలుండయ్యి, నేను పాపం చేస్తంటే కళ్ళతో చూశామని. వాళ్ళెప్పుడు లేస్తారు?”

పాస్టరుగారి చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ప్రిస్కిల్లా మేడం కీర్తనల పుస్తకం తెరిచి గబగబా వెదకడం మొదలుపెట్టారు. కిటికీ దగ్గర ఎవరో దగ్గారు.

ఫిలేమోను గారు లేచారు, ఒప్పుకోవడానికి కాదు. “చట్టరీత్యా సాక్షి సంతకం వేరు, దస్తావేజుదారు సంతకం వేరు. దస్తావేజులోని విషయానికి సాక్షి బాధ్యుడు కాడు. ఈమె పశ్చాత్తాపం ఇతరులను వేలెత్తి చూపుతున్నది గనక అసంపూర్ణమని నా అభిప్రాయం. మాస్టారూ, రాసుకోండి.”

కమిటీలో మిగతావాళ్ళు తలలు ఊపారు. పాస్టరుగారు కూడా చెయ్యి దించి, కనపడీ కనపడకుండా ఊపారు.

నేను పుస్తకం తెరిచాను. ‘లేయమ్మ గారి పశ్చాత్తాపము’ అని రాశాను. తర్వాత మాట రాయడానికి చెయ్యి రాలేదు. పన్నెండేళ్ళలో నాకలా ఎప్పుడూ కాలేదు. నాకు ధైర్యం వచ్చిందని మీరనుకోవద్దు. లేచి నిలబడ్డాను గానీ, ఎవరైనా చొక్కా పట్టుకుని లాగితే కూర్చునేవాడినే. ఎవరూ లాగలేదు.

“మొదటి సంతకం నాది,” అన్నాను. “లేయమ్మ ఏ పాపమూ చెయ్యడం నేను చూడలేదు. యేసోబు తాగడం చూడలేదు. సమూయేలు తాత సంగతి చెప్పక్కర్లేదు. యాభై ఏడు అబద్ధాలు నా చేత్తో రాసి సంతకం పెట్టాను.”

అంతే. ఇంకెవరూ లేవలేదు. నేను ఆరు తలల వైపు చూశాను. ఆరూ కిందికే ఉన్నాయి.

కమిటీ ఎంత చురుగ్గా పనిచెయ్యగలదో ఆ రోజే చూశాను. పది నిమిషాల్లో నా పేరు పట్టీలోంచి కొట్టేశారు. కారణం గడిలో పాపము, వివరం అబద్ధమాడుట. నా పాపానికి మిగతా ఆరుగురూ సాక్షి సంతకాలు చేశారు. లేయమ్మ పశ్చాత్తాపం అసంపూర్ణమన్న తీర్మానం కూడా ఆ ఊపులోనే అయిపోయింది. దాన్ని ప్రిస్కిల్లా మేడం రాశారు.

సోమవారం పొద్దున మా ఇంటి ముందు ఆటో ఆగింది. ఫిలేమోను గారూ, బ్యానరు పట్టుకున్న ఇద్దరూ దిగారు. నాకు ఒక దుప్పటి, అయిదు కిలోల బియ్యం చేతిలో పెట్టి, చొక్కాకి పసుపుపచ్చ బ్యాడ్జీ గుచ్చి ఫొటో తీసుకున్నారు.

“నాకెందుకండీ ఇవి? పెన్షను వస్తోంది కదా,” అన్నాను.

“పేదరికం మేం చూడమండి, పట్టీ చూస్తాం,” అన్నారు ఫిలేమోను గారు. ఆయనకి నా మీద కోపమేమీ లేదు. పైగా సంతోషంగా ఉన్నారు. “మీతో యాభై ఎనిమిది. లక్ష్యాన్ని ఇంకా మించిపోయాం. పైవారికి ఈ రోజే రాస్తున్నాను.”

ఆ మరుసటి నెల మొదటి ఆదివారం ఎక్కడికి వెళ్ళాలో తోచక గుడి ముందు నుంచి నడుచుకుంటూ వెళ్ళాను. లోపల హార్మోనియం ఒక్కటే మూలుగుతోంది. పేట చివర, కాలువ గట్టు మీద డోలక్ వినపడింది. మా సంఘం పేరు రాసిన రేకుల కింద చాపలు పరుచుకుని పేటవాళ్ళంతా కూర్చుని ఉన్నారు. చోటు చాలనివాళ్ళు వాకిట్లో కూర్చున్నారు. నేను చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళాలో వద్దో తేల్చుకోలేక నిలబడ్డాను. వీళ్ళ పేర్ల పక్కన పాపాలు రాసిన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

లేయమ్మ నన్ను చూసింది. చాప మీద కొంచెం పక్కకి జరిగింది.

“కూర్చో మాస్టారూ,” అని, మిగతావాళ్ళ వైపు తిరిగింది. “ఇంకా జరగండమ్మా, చోటు చెయ్యండి. ఆరుగురు రావాల్సి ఉంది.”